కొండ మీద నిప్పు, అడుగున పొగ

కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనిపిస్తోంది. తర్కం చదివేవాళ్లు మొట్టమొదట నేర్చుకునే ఉదాహరణ ఇది. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలోనూ ఇదే వరస: ముందు ప్రతిజ్ఞ, తర్వాత హేతువు. తేల్చిన మాట ముందే చెప్పడం మనకు కొత్తేమీ కాదు.

దీన్ని కన్సల్టింగ్ రంగంలో ఒక పద్ధతిగా కుదిర్చినవారు బార్బరా మింటో. హార్వర్డ్‌లో ఎంబీఏ చేసి 1963లో మెకిన్సీ కన్సల్టింగ్ సంస్థ క్లీవ్‌లాండ్ ఆఫీసులో చేరారు. యూరప్‌లోని సహోద్యోగులకు రిపోర్టులు రాయడం నేర్పమని 1966లో సంస్థ ఆమెను లండన్ పంపింది. రాత గజిబిజి కావడానికి అసలు కారణం ఆలోచనల అమరికేనని అక్కడ ఆమెకు స్పష్టమైంది. అలా రూపుదిద్దుకున్నదే పిరమిడ్ సూత్రం. శిఖరాన జవాబు, దాని కింద మూడు నాలుగు కారణాలు, ఒక్కో కారణం కింద ఆధారాలు. కారణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకూడదు, చెప్పాల్సిందేదీ మిగిలిపోకూడదు.

పది నిమిషాలే తీరికున్న ఛైర్మన్‌కి ఇది వరమే. రాసేవాళ్లకు ఇంకా పెద్ద మేలు: ఆధారం లేని జవాబు కింద ఖాళీ వాళ్ల కంటికే కనబడిపోతుంది.

1987లో పవర్‌పాయింట్ వచ్చాక పిరమిడ్ స్లయిడ్ల మీదికి ఎక్కింది. శీర్షికే తీర్పయింది.

2003 జనవరిలో నాసా అంతరిక్ష నౌక కొలంబియా నింగికి లేస్తుండగా ఎడమ రెక్కకు ఒక నురగ ముక్క తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే బోయింగ్ ఇంజనీర్లు నాసాకు స్లయిడ్లు చూపించారు. అవి కన్సల్టింగ్ నివేదిక కాకపోయినా అమరిక అదే. ఒక స్లయిడ్ శీర్షిక భరోసా ఇచ్చేలా ఉంది. అన్నిటికన్నా అడుగు వరసలో అసలు సంగతి ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలిందని అంచనా వేసింది 1920. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైంది, కల్పనా చావ్లాతో సహా అందులోని ఏడుగురూ మరణించారు. సమాచార రూపకల్పన నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ ఆ స్లయిడ్‌ను వరసవరసా విప్పి చూపించారు. ప్రమాద దర్యాప్తు బోర్డు తన నివేదికలో ఆయన విశ్లేషణను ప్రస్తావించింది.

పిరమిడ్‌ను తప్పుగా కట్టారని సరిపెట్టుకోవచ్చు. నాకు మనసొప్పదు. తేలిన విషయాన్ని ఈ అమరిక చక్కగా చెబుతుంది, తేలనిదానికి మాత్రం శిఖరాన చోటివ్వదు. తర్కంలోనైతే ‘అది పొగేనా, మంచేమో’ అని అడిగే ప్రతివాది ఉంటాడు. స్లయిడ్ ముందు ఆ మనిషికి కుర్చీ వేసేదెవరు?

2004లో జెఫ్ బెజోస్ అమెజాన్ పైస్థాయి సమావేశాల్లో పవర్‌పాయింట్ మాన్పించారు. బదులుగా పూర్తి వాక్యాల్లో, పేరాల్లో రాసిన నోట్ పెట్టమన్నారు. ముందు అందరూ మౌనంగా చదువుతారు. ప్రశ్నలు ఆ తర్వాతే.