వాగు ఎండిపోయినప్పుడు

పెన్‌పహాడు, సూర్యాపేట, మిర్యాలగూడెము ప్రాంతములలో కష్టకాలము అనగానే రజాకార్ల అల్లర్లను, 1948 సెప్టెంబరులో సూర్యాపేట చెంత మూసీ వంతెనను పడగొట్టిన సంగతిని చెప్పుకోవడము కద్దు. అంతకు ముప్పది ఏండ్లకు ముందే ఈ ప్రాంతపు క్రైస్తవులకు వచ్చిన మరొక కలతను మాత్రము మన సావనీరు పుస్తకములు అంతగా తలచలేదు.

నల్లగొండ సీమకు సువార్త తెచ్చినవారు అమెరికా దొరలే అని చాలామంది అనుకుంటారు. నిజానికి అబ్రహాము ఫ్రీసెన్ దంపతులు 1889లో రష్యా సామ్రాజ్యము నుండి బయలుదేరి వచ్చి నల్లగొండలో పని మొదలుపెట్టారు. వారు మెన్నొనైట్లు. జర్మను మాట్లాడే వ్యవసాయదారులు, ఆయుధము పట్టరాదని నమ్మినవారు. వారి గ్రామములు చాలా వరకు నేటి ఉక్రెయిన్ దేశములో ఉన్నవి. తరువాత అబ్రహాము హ్యూబర్ట్ గారు సూర్యాపేటలో స్థిరపడి సేవ చేశారు. అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి పనిచేసినా, ఖర్చు భరించినది రష్యాలోని ఆ గోధుమ రైతులే.

1914లో యుద్ధము వచ్చింది. 1917లో రష్యాలో విప్లవము, ఆ వెనుక అంతర్యుద్ధము. పంపేవారి ఇండ్లే దోపిడీ పాలైనవి. 1921-22లో అక్కడ గొప్ప కరవు వచ్చి, ఒకప్పుడు మనకు కానుకలు పంపినవారే అమెరికాలోని తమ సహోదరులు పంపిన ఆహారముతో బ్రదికారు. ఇక నల్లగొండకు, సూర్యాపేటకు డబ్బు ఎక్కడినుండి వచ్చును?

ఇక్కడ నాకు ఏలీయా గుర్తుకు వస్తాడు. కెరీతు వాగు దగ్గర దేవుడు ఆయనను పోషించాడు. కాని వర్షము లేక ఆ వాగు ఎండిపోయింది. దేవుడు ఆ వాగులో మరల నీరు పారించలేదు. సారెపతుకు పొమ్మన్నాడు. అక్కడున్నది ధనికుడు కాదు, కడపటి పిండితో రొట్టె చేసుకోబోతున్న విధవరాలు. మనము ఎండిన వాగువైపే చూచుచు, దేవుడు మరచిపోయినాడని అనుకుంటాము.

సూర్యాపేట సంఘములు మూతపడలేదు. ఆ భారమును అమెరికన్ బాప్టిస్టులు వహించారు. వారు మన అధ్యక్ష మండలమునకు చెందినవారు కారు, నిజమే. అయినను పొరుగువారి చరిత్ర మనది కాకపోదు.

ఆ కాలముననే ఇదే నైజాము రాజ్యములో, డోర్నకల్‌లో, మరొక పాఠము నేర్చుకుంటున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొందిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు. విదేశపు డబ్బుమీదనే నిలిచే సంఘము నిలువదని ఆయన ఎరుగుదురు. ఆయన సంఘస్థులలో అధికులు మాల, మాదిగ కూలీలు. చేతిలో రొక్కము ఎక్కడిది? అందుచేత స్త్రీలు వంటకు బియ్యము కొలిచేటప్పుడెల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆ కుండ గుడికి వచ్చేది. పస్తులు ఎరిగిన ఇండ్లలో ఆ పిడికెడు ఎంత బరువో వండే తల్లికే తెలియును.