ఏదు

‘ఏదు’ అని ఒంటిగా అంటే ఇవాళ అర్థమయ్యేవాళ్ళు తక్కువ. ‘ఏది?’ అని ఎదురడుగుతారు, లేకపోతే ఎద్దనుకుంటారు. వెనక పందిని తగిలించి ‘ఏదుపంది’ అంటే కొందరు పెద్దవాళ్ళు తలాడిస్తారు. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు తెలుగిళ్ళలో అదీ వినపడదు, అక్కడ ముండ్లపందే. పక్కింటి తమిళులకది ముళ్ళంపన్ఱి, నోటి వాడుకలో ముళ్ళంపన్ని. ముల్లు రెండు భాషలదీ, పంది రెండు భాషలదీ. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. భాష చూసి ఊళ్ళు పంచిన ఆ తీర్పుకు ఈ జంతువు పేరు దగ్గర పంచడానికేమీ దొరికేది కాదు.

తమిళ ‘పన్ఱి’, తెలుగు ‘పంది’ ఒకే మాట, కన్నడంలో పకారం హకారమై ‘హంది’ అయింది. కన్నడిగులు కూడా దీన్ని ముళ్ళుహంది అనే అంటారు. ఇంగ్లీషువాళ్ళ ‘పోర్క్యుపైన్’ను విప్పితే పాత ఫ్రెంచి ముళ్ళపంది బయటపడుతుంది. జర్మన్ల ‘ష్టాఖెల్‌ష్వైన్’ మాటకు మాట మన ముళ్ళపందే. గ్రీకు ‘హిస్ట్రిక్స్’లో కూడా పంది వెంట్రుక ఉందని చెబుతారు. ఇన్ని జాతులవాళ్ళు ఒకరినొకరు అడక్కుండానే దీన్ని పందిని చేశారు. గుర్రుమనే గొంతు, మట్టి తవ్వే అలవాటు, కొవ్వు పట్టిన ఒళ్ళు చూసి కాబోలు. నిజానికి ఇది పందికి దూరపు చుట్టం కూడా కాదు. ఎలుక, ఉడుతల వర్గంలోది. ముందరి పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, అందుకే ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది. పదకొండు నుంచి పద్దెనిమిది కిలోల దాకా తూగుతుంది. 1792లో కెర్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ‘హిస్ట్రిక్స్ ఇండికా’ అని పేరు పెట్టాడు.

‘ముళ్ళపంది’ వర్ణన మాత్రమే, అసలు పేరు ‘ఏదు’ అని నా పట్టుదల. ముల్లుంది, పందిలా ఉంది అని చెప్పడం ఆ జంతువును కొత్తగా చూసినవాడి పని. దానితో కలిసి బతికినవాడికి వర్ణన అక్కర్లేదు, పిలుపు చాలు. ఆ పిలుపు ఎంత పాతదో చూడాలంటే కాంచీపురం దారి పట్టాలి.

తిరువళ్ళూరు, తిరుత్తణి తొండైమండలంలోవి. ఆ మండలాన్ని ఏలిన తొండైమాన్ ఇళందిరైయన్ మీద కడియలూర్ ఉరుత్తిరన్ కణ్ణనార్ చెప్పిన సంగం కావ్యం ‘పెరుంపాణాట్రుప్పడై’. బహుమానం కోసం కంచికి పోయే పాణుడనే పాటగాడికి దారిలో ఏమేం కనిపిస్తాయో వరసగా చెబుతాడు కవి. బీడునేల మీద ఎయినరులనే వేటగాళ్ళ గుడిసెలు వస్తాయి. ఈతాకు కప్పిన ఆ గుడిసె వాలును ఆయన ‘ఎయ్’ అనే జంతువు వీపుతో పోలుస్తాడు. ఎండిన ఈతాకు కొసలు కప్పు మీద నిక్కి ఉండటం చూసినవాళ్ళకు ఆ పోలికకు టీకా అవసరం లేదు. ఆ ‘ఎయ్’ మన ఏదే. సుమారు రెండు వేల ఏళ్ళ నాటి తమిళ కవికి ముల్లూ పందీ అవసరపడలేదు, ఒక్క అక్షరంతో సరిపెట్టాడు.

ఇక్కడే నాకు ముచ్చటేస్తుంది. అంత పాత సాక్ష్యం ఉన్న తమిళంలో ఎయ్ ఇవాళ నిఘంటువులోకి చేరిపోయింది, వీధిలో అంటే ఎవరికీ తెలియదు. సంగం లాంటి ప్రాచీన సాహిత్యం లేని తెలుగులో మాత్రం ఏదుపంది అనీ ఏదుముల్లు అనీ ఆ మాట నోట్లో మిగిలింది. ఎయ్‌కూ ఏదుకూ మధ్య దూరం కూడా కొత్తదేమీ కాదు. తమిళంలో ‘చెయ్’ అయితే మనకు ‘చేయు’, అక్కడ ‘నెయ్’ అయితే ఇక్కడ ‘నేయు’. తమిళ హ్రస్వానికి మన దీర్ఘం ఎదురు నిలవడం అలవాటైన సంగతే. ఆ దీర్ఘం మీద ‘దు’ చేరి ఏదు అయింది.

ఇదే వరసలో ఇంకో జత ఉంది. తమిళంలో ‘ఎయ్’ అంటే బాణం వేయడం కూడా, తెలుగులో అది ‘ఏయు’. భారత భాగవతాల యుద్ధాల్లో వీరులు అమ్ములు ‘ఏసేది’ ఆ క్రియతోనే. బాణమేసే ఎయ్, ముళ్ళున్న ఎయ్ ఒకే మాటా? నిఘంటువులు రెంటినీ వేరువేరు పద్దుల కింద పెడతాయి. అది జాగ్రత్త గలవాళ్ళ పద్ధతి, కాదనను. కానీ విల్లు పట్టిన ఎయినర్ల ఊళ్ళో ఒళ్ళంతా అమ్ములు నింపుకున్న జంతువు పేరు కూడా ఎయ్ కావడం చూశాక, రెండూ ఒకటైతే బాగుండునని ఎవరికి మాత్రం అనిపించదు? రుజువు లేదు, అంత మంచి వ్యుత్పత్తిని వదులుకోబుద్ధి కాదు, అంతే.

ఇది ముళ్ళు విసురుతుందన్న నమ్మకం ఒక్క మన పల్లెలదే కాదు, రోము దేశపు ప్లినీ తన ప్రకృతి చరిత్రలో రాసి పెట్టాడు. ఏదు మాత్రం ఎన్నడూ ముల్లు విసరలేదు, విసరడం దానికి చేతకాదు కూడా. ముల్లంటే గట్టిపడిన వెంట్రుకే, మన గోరు దేంతో తయారవుతుందో అదీ దాంతోనే తయారవుతుంది. శత్రువు ఎదురైతే ముళ్ళు నిక్కబొడుచుకుని రెండింతలు లావుగా కనిపిస్తుంది. కాళ్ళు నేలకేసి తన్ని, తోక చివరి బోలు ముళ్ళను గలగలమనిపిస్తుంది. అప్పటికీ వినకపోతే వెనక్కి తిరిగి వీపుతోనే దూసుకొస్తుంది. వదులుగా ఉన్న ముళ్ళు తగిలినవాడి ఒంట్లో మిగిలిపోతాయి. చీకట్లో అరుస్తూ పారిపోయి వచ్చిన కుక్క మూతిలో నాలుగు ముళ్ళు చూసిన మనిషి, అవి ఎగిరొచ్చి గుచ్చుకున్నాయనే అనుకుంటాడు. సంస్కృతం వాళ్ళు ఈ కుక్క సంగతినే పేరు చేశారు: శ్వావిత్, అంటే కుక్కను పొడిచేది. నేను చూసిన పేర్లలో ఈ జంతువు రూపాన్ని వదిలి చేష్టను పట్టుకున్నది ఇదొక్కటే.

కుక్కే కాదు, పెద్దపులి కూడా దెబ్బతింటుంది. జిమ్ కార్బెట్ చెప్పిన ముక్తేసర్ ఆడపులి ఏదుతో తలపడి ఒక కన్ను పోగొట్టుకుంది. ముంగాలిలో యాభై దాకా ముళ్ళు దిగి, వేట చేయలేక మనుషుల మీద పడింది.

ఈ ముల్లుకు ఇంకో బతుకుంది. ఆపస్తంబ గృహ్యసూత్రం సీమంతంలో గర్భిణి పాపిట తీయడానికి మూడు తెల్లచారలున్న శలలిని వాడమంటుంది, తోడుగా దర్భలూ లేత మేడికాయల గుత్తీ చెబుతుంది. శలలి అంటే ఏదుముల్లే. నలుపు తెలుపు పట్టెలతో ఉండే ముల్లు కాబట్టి మూడు చారలది దొరకడం కష్టమేమీ కాదు. కుక్క నోరు చీల్చే ఆయుధం కడుపుతో ఉన్న ఆడపిల్ల తల మీదికి ఎలా వచ్చిందో సూత్రకారుడు చెప్పడు, ఆయన పద్ధతే అంత. ఏదు అన్న మాట మన చెవిన పడే చోట్లు లెక్కేస్తే అందులో సీమంతం పీటలు తప్పక ఉంటాయి. విశాఖపట్నం పనివాళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలో ఇవే ముళ్ళు వరసగా పేర్చి పెట్టెలు చేసి దొరలకు అమ్మేవాళ్ళు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ సరుకుకు కాలం చెల్లింది.

తిరుత్తణి మురుగన్ వల్లిని పెళ్ళాడిన కొండ. వేటగాళ్ళు దుంపలు తవ్విన గోతిలో వల్లి పసిబిడ్డగా దొరికిందని కథ. ఆమె పేరు ఆ తీగదుంప పేరే. ఈ కొండల్లో మనుషుల కంటే ముందు దుంపలు తవ్విన జీవి ఏదు. పగలంతా బొరియలో పడుకుని, చీకటి పడ్డాక జంటగా బయటికొచ్చి దుంపలూ వేళ్ళూ తవ్వుకుంటుంది, చెట్ల బెరడు గీకుతుంది. వేరుశనగ ఊడల కాలంలో చేనిలోకి దిగితే రైతు తిట్టే తిట్లలో పేరుకు చోటుండదు. కట్టిన జంటను వదలకుండా కలిసే ఉంటుందనీ, పిల్ల పుట్టినప్పుడు మెత్తగా ఉన్న ముళ్ళు త్వరలోనే గట్టిపడతాయనీ ఆ రైతుకు చెప్పినా తిట్టు తగ్గదు.

తిండి కాని ఇంకొకటి కూడా ఇది కొరుకుతుంది: ఎముక. అడవిలో పడున్న ఎముకల్ని బొరియకు మోసుకొచ్చి, పళ్ళు అరగడానికీ సున్నపు సత్తువకూ గీరుతుంది. అందుకే గుహల్లో తవ్వే పురావస్తువాళ్ళు గీతలున్న ఎముక దొరగ్గానే మనిషి చేతిపని అని ఎగిరి గంతెయ్యరు, ఏదు పంటిగాటు కాదని తేల్చుకోవాలి. రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863లో తిరువళ్ళూరు జిల్లాలోని అత్తిరంపాక్కంలో రాతి గొడ్డళ్ళు చూశాడు, మన దేశపు పాతరాతియుగానికి ఆయన తలుపు తీసిన ఏడాది అది. రెండు దశాబ్దాల తర్వాత ఆయనే, కొడుకు హెన్రీతో కలిసి అప్పటి కర్నూలు జిల్లా బేతంచెర్ల దగ్గరి బిలసర్గం గుహల్ని తవ్వించాడు. అక్కడి ఎముకల్ని పరీక్షించిన లిడెకర్ 1886లో, ఇప్పుడు లోకంలో లేని ఒక ఏదు జాతికి ‘హిస్ట్రిక్స్ క్రాసిడెన్స్’ అని పేరు పెట్టాడు. మందపళ్ళ ఏదు అని అర్థం. ఈయన ముల్లు వదిలి పన్ను పట్టుకున్నాడు. జంతువు బతుకంతా ఆ పంటి మీదే నడుస్తుంది గనుక అది సబబైన ఎంపిక.

అదే 1886లో బ్యూలర్ మనుస్మృతిని ఇంగ్లీషులోకి తెచ్చాడు. తినదగిన ఐదుగోళ్ళ జంతువుల జాబితాలో శ్వావిత్తు ఒకటి, శల్యకం ఇంకొకటి. రామాయణంలో వాలి కూడా రాముడితో వాదిస్తూ రెంటినీ వేరువేరుగా చెబుతాడు. రెండూ ఏదే అయితే లెక్క చెడుతుంది. బ్యూలర్ శ్వావిత్తును ఏదుకు కట్టబెట్టి, శల్యకాన్ని హెడ్జ్‌హాగ్ చేసి గండం గట్టెక్కాడు. హెడ్జ్‌హాగ్ మనకు లేనిదేం కాదు, దక్షిణాదిలో మాత్రమే ఉండే ఒక జాతిని 1851లోనే గుర్తించారు. గుప్పెడంత ప్రాణి, ముట్టుకుంటే ముళ్ళబంతి అయి ముడుచుకుంటుంది. తమిళులు దాన్ని ముళ్ళెలి, అంటే ముళ్ళెలుక అంటారు. అది పురుగుల్ని తినే వేరే వర్గంలోది, ఎలుక కాదు. ఎలుక వర్గంలోదాన్ని పంది అన్నాం, ఎలుక కానిదాన్ని ఎలుక అన్నాం. ఈ తికమకలో ఇరుక్కోని పేరు ఏదు ఒక్కటే.