చలి మీద పడ్డ నింద

రామచంద్రపురంలో ఒక పాత లాడ్జి. దాని రిపేర్ల పుస్తకంలో ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ ఉంది: వేడినీళ్లు సన్నగా వస్తున్నాయి. తేదీలన్నీ డిసెంబరు, జనవరి నెలలవే. చలి వల్లేనని పక్కన పెన్సిలుతో రాసి ఉంది. ఆ మాట నిలుస్తుందో లేదో చూడాలనుకున్నాను.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. లేహ్ లాంటి చోట్ల పైపులు అందుకే పగులుతాయి. రామచంద్రపురంలో నీరు గడ్డకట్టేంత చలి పడదు. పైగా ఇక్కడ పైపు పగల్లేదు, పూడింది. చలిని పక్కన పెట్టాను.

మోటారుకు వైండింగ్ చేయించిన బిల్లులు రెండు దొరికాయి. కానీ అదే గదిలో చన్నీళ్ల కుళాయి నిండుగా పారుతోంది. రెండిటికీ ట్యాంకు ఒకటే. తప్పు మోటారుది కాదు.

తుప్పేమోనని, మార్చి పడేసిన జీఐ పైపు ముక్కను కోయించాను. లోపల తెల్లటి పొర ఉంది. నీళ్లలో కరగలేదు కనుక ఉప్పు కాదు. నిమ్మరసం పిండితే బుసబుస పొంగింది. అది కార్బొనేట్.

అది ఎక్కడి నుంచి వచ్చింది? బిల్లుల కట్టలో బోరు వేయించిన రసీదు ఉంది. అంతకు ముందు వాడింది మునిసిపల్ కుళాయి నీరు. ఆ ఏళ్లలో ఈ ఫిర్యాదు ఒక్కటీ లేదు. బోరు నీటిని పరీక్ష చేయించాను. తాగునీటి కఠినత్వానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన ఆమోదయోగ్య హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు. ఈ నీరు దాన్ని దాటింది.

బోరు నీరు రెండు పైపుల్లోనూ పారుతుంది. వేడి పైపే ఎందుకు పూడింది? కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోతుంది. కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారి గోడకు అంటుకుంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర ఇదే.

ఒక చిక్కు మిగిలింది. బోరు పడ్డాక మొదటి చలికాలంలో ఫిర్యాదు లేదు. దాంతో బోరునూ కొట్టేయబోయాను. కానీ పొర ఒక్క ఏడాదిలో పైపును మూసేయదు. గీజర్లు వేసిన ప్రతి చలికాలమూ కొంత చేరుతుంది. ఎండాకాలంలో ఆ కుళాయి తిప్పేవారు లేరు. పుస్తకంలో ఉన్నవి పైపు పూడిన తేదీలు కావు, మనుషులు గమనించిన తేదీలు.

బోరుకు ఎందుకు మారారో ఏ కాగితమూ చెప్పలేదు. నేనూ ఊహించను. గీజర్లకు పోయే నీటికి సాఫ్ట్‌నర్ పెట్టాలి, వేడి తగ్గించి వాడాలి. పొర గీకించాల్సింది ఫిర్యాదు వచ్చే డిసెంబరులో కాదు, ఆశ్వయుజంలోనే.