వినే కంప్యూటరూ, దిద్దే పిల్లలూ

"టీచర్ గారూ, ఇప్పుడు మాట్లాడితే చాలు, కంప్యూటరే తెలుగులో రాసేస్తోంది కదండీ. ఇంకా పిల్లల చేత గుణింతాలూ ఒత్తులూ దిద్దించడం ఎందుకు?"

బడి తెరిచిన మొదటి నెలలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. మీరు టీచరైతే విని ఉంటారు, పేరెంట్ అయితే అడిగి ఉంటారు. అడగడంలో తప్పేమీ లేదు. వారాంతంలో దొరికేదే కాస్త సమయం, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలన్నది న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పే ముందు, అసలు కంప్యూటర్ వినడం ఎలా నేర్చుకుందో ఒకసారి వెనక్కి వెళ్ళి చూద్దాం. ఆ కథ చాలావరకు మనం ఉంటున్న ఈ దేశంలోనే జరిగింది. అందులో ముఖ్యమైన మనిషి ఒక తెలుగాయన.

పది అంకెలతో మొదలు

1952లో బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు "ఆడ్రీ" అనే యంత్రాన్ని తయారు చేశారు. దానికి తెలిసినవి పది అంకెలే. అవి కూడా ఒక్కొక్కటీ ఆగి ఆగి, దానికి అలవాటైన గొంతుతో చెప్పాలి. పదేళ్ళ తర్వాత, 1962లో ఐబీఎం "షూబాక్స్" అనే యంత్రాన్ని చూపించింది. అది 16 మాటలు గుర్తుపట్టేది. పదేళ్ళకి ఆరు మాటలు పెరిగాయన్నమాట!

ఎందుకంత కష్టం? మనం మాట్లాడేటప్పుడు మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. "రాముడొచ్చాడు" అన్నప్పుడు "రాముడు" ఎక్కడ ఆగింది, "వచ్చాడు" ఎక్కడ మొదలైంది? మనకి తెలుగు వచ్చు కాబట్టి తెలుస్తుంది. భాష రాని చెవికి అదంతా ఒకటే శబ్దం.

కాటూరు నుంచి పిట్స్‌బర్గ్ దాకా

దబ్బల రాజగోపాల్ రెడ్డి గారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో, రైతు కుటుంబంలో పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆయనే. 1958లో మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి పట్టా తీసుకున్నారు. ఆస్ట్రేలియాలో పై చదువు చదివి, అక్కడే ఐబీఎంలో పనిచేశారు. తర్వాత అమెరికా వచ్చి స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పరిశోధన చేసి, 1966లో డాక్టరేట్ అందుకున్నారు. మాట్లాడే మాటని కంప్యూటర్ చేత గుర్తింపజేయడమే ఆయన పట్టుకున్న పని. 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ప్రపంచం ఆయన్ని రాజ్ రెడ్డి అని పిలుస్తుంది.

1971లో అమెరికా రక్షణ శాఖ పరిశోధన విభాగం ఒక లక్ష్యం పెట్టింది. మధ్యలో ఆగకుండా మాట్లాడినా వెయ్యి మాటల దాకా గుర్తుపట్టాలి, ఐదేళ్ళు గడువు. రాజ్ రెడ్డి గారి బృందం తయారు చేసిన వాటిలో "హియర్‌సే" అనే ప్రోగ్రాం మన టీచర్లకి బాగా నచ్చుతుంది. ఎందుకంటే దాని రెండో రూపం పనిచేసే పద్ధతికి పెట్టిన పేరే "బ్లాక్‌బోర్డ్", మన నల్లబల్ల. ఒక నల్లబల్ల చుట్టూ కొందరు పండితులు నిలబడ్డారనుకోండి. ఒకరికి శబ్దాలు తెలుసు, ఒకరికి మాటలు తెలుసు, ఇంకొకరికి వాక్యం ఎలా కుదురుతుందో తెలుసు. ఒకరు తమ ఊహని బల్ల మీద రాస్తే, మిగతావాళ్ళు దాన్ని బలపరుస్తారు, లేదా వేరే ఊహ రాస్తారు. చివరికి అందరి ఊహలూ కలిసి ఒక వాక్యం తేలుతుంది.

1976లో అదే విశ్వవిద్యాలయంలో తయారైన "హార్పీ" 1,011 మాటలు గుర్తుపట్టి ఆ లక్ష్యాన్ని అందుకుంది. తేలిన పాఠం ఒక్కటే: వినడానికి చెవి చాలదు, భాష తెలియాలి. ఈ కృషితో సహా కృత్రిమ మేధలో చేసిన పనికి రాజ్ రెడ్డి గారికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు.

ఇంటి కంప్యూటర్‌కి

రాజ్ రెడ్డి గారి విద్యార్థుల్లో జేమ్స్ బేకర్ ఒకరు. ఏ శబ్దం తర్వాత ఏ శబ్దం, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎంత అని లెక్కలు కట్టే పద్ధతిని ఆయన ఈ పనికి వాడారు. 1982లో ఆయనా, భార్య జానెట్ బేకరూ మాసచూసెట్స్‌లో డ్రాగన్ సిస్టమ్స్ పెట్టారు. 1990లో వచ్చిన వాళ్ళ "డ్రాగన్ డిక్టేట్" ఖరీదు దాదాపు 9,000 డాలర్లు. అప్పటికీ మాట మాటకీ ఆగాల్సిందే. 1997లో "డ్రాగన్ నేచురల్లీ స్పీకింగ్" వచ్చాక మామూలు ఇంటి కంప్యూటర్ ముందు కూర్చుని, మామూలుగా మాట్లాడుతూ ఇంగ్లీషులో ఉత్తరం రాయడం వీలైంది.

మరి తెలుగు? గూగుల్ వాయిస్ టైపింగ్‌లో తెలుగు చేరింది 2017 ఆగస్టులో. దారి వేసినవాళ్ళలో ఒకరు తెలుగాయన, మన భాష మాత్రం ఆ దారి మీదకి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది! ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఉంది. ఇప్పటి యంత్రాలు నేర్చుకునేది మనుషుల గొంతుల నుంచి, ఆ గొంతు చెప్పిందాన్ని తప్పులేకుండా రాసిపెట్టిన అక్షరాల నుంచి. ఇంగ్లీషుకి ఆ నిల్వ ఎక్కువ, మనకి తక్కువ. అంటే వినే యంత్రం వెనకాల ఎప్పుడూ రాయడం వచ్చిన మనిషి ఉన్నాడు.

మా క్లాసులో జరిగింది

పోయినేడు మా క్లాసులో తొమ్మిదేళ్ళ బాబు ఊళ్ళో ఉన్న తాతయ్యకి ఉత్తరం రాయాలన్నాడు. ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. రాయడం కష్టంగా ఉందంటే, "మాట్లాడి రాయించు నాన్నా" అని నేనే చెప్పాను. వాడు సంబరంగా "తాతయ్యా, మీ కళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నాడు. ఇక్కడ పుట్టిన చాలామంది పిల్లల్లాగే వాడికీ "ళ" పలకదు. తెర మీద పడింది: "తాతయ్యా, మీ కల్లు ఎలా ఉన్నాయి?"

నాకు నవ్వొచ్చింది. వాడు మాత్రం తెర వంక చూసి, "కరెక్టే కదా టీచర్?" అన్నాడు. అప్పుడు నవ్వు ఆగిపోయింది. యంత్రం పొరపాటు పడటం పెద్ద విషయం కాదు. దాన్ని పట్టుకోగల కన్ను వాడికి నేనింకా ఇవ్వలేదు, అదీ విషయం. ఆ వారం పాఠం పక్కన పెట్టి ల, ళ చెప్పాను. వాడే దిద్దాడు, ఉత్తరం వెళ్ళింది.

మనం చేయగలిగినవి

డిక్టేషన్‌ని బహిష్కరించమని నేను అనను. చేత్తో రాయడం నిజంగా కష్టమయ్యే పిల్లలుంటారు, వాళ్ళకి అది తలుపు తెరిచినట్టే. కాకపోతే ఇలా వాడి చూడండి.

1. ముందు పిల్లలు రెండు వాక్యాలు చేత్తో రాయాలి. తర్వాత అవే మాట్లాడి రాయించాలి. రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు వెతకాలి.

2. యంత్రం రాసిందాన్ని ప్రింటు తీసి ఎర్ర పెన్సిల్ ఇవ్వండి. ల-ళ, న-ణ, ద-ధ, హ్రస్వం-దీర్ఘం దగ్గరే ఎక్కువ తప్పులు దొరుకుతాయి. టీచర్ తప్పుల కన్నా కంప్యూటర్ తప్పులు పట్టుకోవడం పిల్లలకి మహా సరదా.

3. ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, వాళ్ళ మాటలు ఒక్క నిమిషం రికార్డు చేయండి. యంత్రానికి వినిపించండి, పిల్లల చేత కూడా విని రాయించండి. యాస ఉన్న చోట ఎవరు గెలిచారో చూడండి.

పేరెంట్ మళ్ళీ అదే ప్రశ్న అడిగితే ఇలా చెప్పవచ్చు: "కంప్యూటర్ రాస్తుందండీ. రాసింది సరిగ్గా ఉందో లేదో చెప్పాల్సింది మాత్రం మీ అబ్బాయే. అందుకే దిద్దిస్తున్నాం."