పసికందుల ఊపిరిని లెక్కించిన గ్రామ స్త్రీలు

ఆరోగ్యవంతుడైన వయోజనుడు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 16 సార్లు శ్వాసిస్తాడు. పురిటిబిడ్డ 40 సార్లు శ్వాసించినా భయం లేదు. ఆ సంఖ్య 60 దాటితే మాత్రం ఉపేక్షించరాదు. న్యుమోనియా సోకినప్పుడు ఊపిరితిత్తులలోని గాలిగదులు ద్రవంతో నిండి, రక్తానికి చాలినంత ఆమ్లజని అందదు. ఆ లోటును పూడ్చుకోవడానికే బిడ్డ వేగంగా శ్వాసిస్తుంది. స్టెతస్కోపు గాని, ఎక్స్‌రే గాని లేనిచోట ఈ వేగాన్నే రోగచిహ్నంగా తీసుకోవచ్చునని పాపువా న్యూగినీలో పనిచేసిన ఫ్రాంక్ షాన్ అనే వైద్యుడు 1980 దశకం తొలి సంవత్సరాలలో నిరూపించాడు.

తెలంగాణ సరిహద్దున, ప్రాణహిత నదికి ఆవలి గట్టున మహారాష్ట్రకు చెందిన గడ్చిరోలి జిల్లా ఉన్నది. అడవులు దట్టమైన ప్రాంతం. వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986లో అక్కడ 'సెర్చ్' అనే సంస్థను నెలకొల్పారు. పిల్లలను కబళిస్తున్న వ్యాధులలో న్యుమోనియా ముఖ్యమైనదని వారు గ్రహించారు. దానికి కోట్రైమాక్సజోల్ అనే చవకైన మందు అప్పటికే ఉన్నది. లేనిదల్లా రోగాన్ని వేళకు పసిగట్టే మనిషి. ప్రతి ఊరిలోను మంత్రసాని ఉండేది గాని, అక్షరజ్ఞానం లేని ఆమె అరవై దాకా లెక్కించడమెట్లా?

ఇందుకొక సాధనం తయారయింది. ఒక చెక్క చట్రం, దానిలో వరుసగా పూసలు, ఒక్క నిమిషంలో జారిపోయే ఇసుక గడియారం: ఇంతే దాని నిర్మాణం. బిడ్డ పదిసార్లు శ్వాసించగానే ఒక పూసను పక్కకు జరపాలి. ఇసుక పూర్తిగా జారకముందే చివరి ఎర్రపూస వంతు వస్తే అది న్యుమోనియా. (పాఠశాలలో విద్యార్థులు ఒక పూటలో దీనిని చేసి చూడవచ్చు.) మంత్రసానులు, ఆరోగ్య కార్యకర్తలు కలిసి చికిత్స చేసిన 612 న్యుమోనియా కేసులలో మరణాలు నూటికి ఒకటి కంటె తక్కువ. చికిత్స అందని పోలిక గ్రామాలలో అవి నూటికి 13కు పైగా ఉన్నట్లు 1990లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు.

అయినా పురిటిగదిలోని మరణాలు మిగిలే ఉన్నాయి. 1995-96లో 763 మంది నవజాత శిశువులను ఇండ్లలోనే పరిశీలించగా, సగానికి పైగా శిశువులకు వైద్యం అవసరమని తేలింది. అది అందినది నూటికి ముగ్గురికైనా కాదు. తల్లీబిడ్డలు గడప దాటని రోజులలో వైద్యమే గడప దాటి లోపలికి రావాలి.

అందువల్ల 39 గ్రామాలలో కొద్దిపాటి చదువుగల స్త్రీలను ఎన్నుకొని శిక్షణ నిచ్చారు. శిశువును తూచడం, వెచ్చగా ఉంచడం, పాలు పట్టించడం, పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు శ్వాస కల్పించడం వారు నేర్చుకున్నారు. నిన్నటిదాకా గట్టిగా ఏడ్చిన బిడ్డ నీరసంగా మూలుగుతున్నదా? పాలు వదిలివేసినదా? ఒళ్లు చల్లబడినదా? ఇటువంటి లక్షణాలు రెండు కలిసి కనిపిస్తే రక్తంలో సూక్ష్మజీవులు వ్యాపించినట్లు అనుమానించి, జెంటామైసిన్ సూది వేసేవారు.

వైద్యులు కానివారు పురిటిబిడ్డకు సూది వేయడమా అన్న సందేహం సహజమే. దానికి వాదంతో గాక లెక్కతోనే జవాబు చెప్పవలసి ఉండెను. ఈ వ్యాధి సోకిన శిశువులలో మరణాలు నూటికి 16.6 నుంచి 2.8కి దిగినవి. తొలి 28 దినాల మరణాలు వేయి జననాలకు 62 నుంచి 1997-98 నాటికి 25.5కు తగ్గినవి. ఇదంతా వానలు బాగా కురియడం వల్లనో, రోడ్లు పడడం వల్లనో జరగలేదని ఎట్లా తెలుసును? పోలికకై ఎంచిన 47 గ్రామాలలో ఆ సంఖ్య 58 నుంచి ఇంచుమించు 60 అయినదే గాని తగ్గలేదు. ఈ ప్రయోగానికి ప్రాణం ఆ 47 గ్రామాలే. 1999లో ఈ ఫలితాలు కూడ 'లాన్సెట్'లో వెలువడినవి.

భారత ప్రభుత్వం 2011లో ఈ ఇంటివద్ద శిశుసంరక్షణను దేశమంతటా ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఇంట పుట్టిన బిడ్డను వారు మొదటి దినం మొదలు 42వ దినం వరకు ఏడుసార్లు చూడాలి. తూకం, వెచ్చదనం, తల్లిపాలు అన్నీ ఆ పనిలో చేరినవి. జెంటామైసిన్ సూదిని మాత్రం, ఆసుపత్రికి తీసికొని పోవడం సాధ్యపడని సందర్భాలలో వేయడానికి, 2014లో ఏ.ఎన్.ఎం.లకు అనుమతించారు.