చౌడు మన్ను చెప్పే చరిత్ర

పాపాఘ్ని ఒడ్డున ఉన్న మన వేంపల్లె ప్రాంతం వేరుశనగకు పెట్టింది పేరు. గానుగ దగ్గరా, వంటింట్లోనూ బట్టలకు నూనె మరకలు తప్పేవి కావు. సబ్బులు రాకముందు వాటిని వదిలించిన వారు రజక సోదరులు.

రాయలసీమ పల్లెల్లో చౌడు నేలపై తెల్లగా పొంగిన మన్ను పోగుచేసి, నీళ్లలో కలిపి, నూలు బట్టలు అందులో తడిపి ఉబ్బకు వేసేవారు. ఆ మన్నులోని క్షారం వేడికి జిడ్డులో కొంత భాగాన్ని సబ్బుగా మార్చేస్తుంది. మిగిలినది వదులై ఉతుకులో పోతుంది. పట్టుకు క్షారం పడదు. కనుక పట్టుచీరలకు కుంకుడు రసమే వాడేవారు. మరక పచ్చిగా ఉంటే ఇంట్లో ఆడవారు ముందుగా శనగపిండి అద్ది నూనె పీల్పించేవారు.

1888లో సన్‌లైట్ సబ్బు కలకత్తా రేవులో దిగింది. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాయి. పొడి చవకయ్యేకొద్దీ చౌడుతో పని తగ్గింది.

మనం తెల్లచొక్కాతో కచేరీకి వెళ్లి పొందిన గౌరవంలో రజకుల చెమట ఉంది. ఇంత రసాయన విద్య తెలిసిన వారికి ఊరు ఇచ్చింది కళ్లంలో మేర గింజలు, ఇంటింటా ఎత్తుకునే అన్నం మాత్రమే. మిత్రులారా, కుంకుడు చిట్కాతో పాటు ఈ సంగతీ మనవలకు చెబుదాం.