రోగనిర్ణయము - యంత్రసహాయము

వైద్యుడు రోగము పేరు చెప్పిన తరువాత, "అది మీకెట్లు తెలిసినదండీ?" అని అడుగుట మన ఇండ్లలో ఆచారము కాదు. హస్తవాసి మంచిదన్న నమ్మకమే మనకు చాలును. నేడు ఆ వైద్యుని ప్రక్కన కంప్యూటరు కూడ చేరినది. దాని తెలివికి కృత్రిమ మేధ అని పేరు. దాని విషయములో కూడ మనము అట్టి మౌనమునే వహింపవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము కొంతవరకు చరిత్రలోనే ఉన్నది.

1959 జులైలో అమెరికాలోని 'సైన్స్' పత్రికలో రాబర్ట్ లెడ్లీ, లీ లస్టెడ్ అనువారు ఒక వ్యాసము ప్రకటించినారు. లక్షణములను చూచి రోగమును ఊహించునప్పుడు వైద్యుని మనస్సులో జరుగు పనిని తర్కముతోను, సంభావ్యతా గణితముతోను వివరింపవచ్చునని వారి వాదము. లెక్కకు అందిన పనిని యంత్రమునకు అప్పగింపవచ్చును గదా! అయితే చికిత్సను ఎన్నుకొనునప్పుడు మేలుకీడుల తూకము కూడ ఉండునని వారు ఆనాడే గుర్తించినారు.

ఇంగ్లండులోని లీడ్స్ నగరములో డి డొంబాల్ అను వైద్యుడును, ఆయన సహచరులును ఈ భావమును ఆసుపత్రిలోనికి తెచ్చినారు. తీవ్రమైన కడుపునొప్పితో వచ్చిన 304 మంది విషయములో యంత్రమును పరీక్షించినారు. 1972లో ప్రకటించిన ఫలితములలో కంప్యూటరు నిర్ణయము నూటికి 91.8 పాళ్లు సరిపోయినది. రోగిని చూచిన వైద్యులలో అందరికంటె పెద్దవాని నిర్ణయము 79.6 పాళ్లు సరిపోయినది. అంతకన్న విశేషమేమనగా, ఆ ప్రయోగము సాగినన్నాళ్లు వైద్యుల పనితనమే మెరుగుపడినది. శస్త్రచికిత్సకు ముందే అపెండిక్సు పగిలిపోవుట నూటికి 36 నుండి 4కు తగ్గినది. ప్రయోగము ముగిసిన పిదప అంకెలు మరల పూర్వస్థితి వైపు నడచినవి. యంత్రము మనిషికి సాయపడుటకు ఇంతకన్న చక్కని ఉదాహరణము అరుదు.

కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో 1970వ దశకమున 'మైసిన్' అను కార్యక్రమము తయారైనది. రక్తమునకు, మెదడు పొరలకు సోకిన సూక్ష్మజీవులను గుర్తించి తగిన మందును సూచించుట దాని పని. ప్రశ్న వేసినప్పుడు వైద్యుడు "ఎందుకు?" అని ఎదురు అడిగినచో, తాను అనుసరించుచున్న సూత్రమును అది చూపెడిది. 1979లో ప్రకటించిన పరీక్షలో దాని సలహాలు విశ్వవిద్యాలయ వైద్యుల సలహాలకు తీసిపోలేదు. అయినను అది రోగుల చికిత్సకు వినియోగములోనికి రాలేదు. పొరపాటు జరిగినచో జవాబుదారి ఎవరన్న చిక్కు అప్పటికే తలయెత్తినది.

తరువాతి యంత్రములు సూత్రములు చెప్పించుకొనుట మాని, పాత రోగుల రికార్డుల నుండి తామే నేర్చుకొనసాగినవి. కారణము చెప్పు గుణము చాలవరకు అక్కడనే పోయినది. 1990వ దశకములో అమెరికాలో న్యుమోనియా రోగులలో ఎవరికి ప్రాణభయము ఎక్కువయో తేల్చుటకు ఇట్టి యంత్రములను సిద్ధపరచినారు. వానిలో ఒకటి, ఉబ్బసము కలవారికి అపాయము తక్కువ అని నేర్చుకొన్నది! నిజమేమనగా, ఉబ్బసము కలవారిని వైద్యులు వెంటనే అత్యవసర చికిత్సా విభాగమునకు పంపి కంటికి రెప్పవలె కాపాడినారు. అందుచేత మరణములు తగ్గినవి. యంత్రమునకు అంకె కనబడినది గాని దాని వెనుకనున్న సేవ కనబడలేదు. ఆ యంత్రము తన సూత్రమును విప్పి చూపినది కనుక ఈ తప్పు బయటపడినది. అన్నిటికంటె నిశితముగా లెక్కించిన మరియొక యంత్రము ఏమి నేర్చినదో చూచుటకు వీలులేకపోయినది. అందుచేత దానిని రోగులపై ప్రయోగింపక మానుకొన్నారు.

2019లో మరియొక లోపము వెల్లడియైనది. ఎవరికి అదనపు సంరక్షణ అవసరమో నిర్ణయించుటకు అమెరికాలో వాడుచున్న ఒక విధానము, రోగిపై అయిన ఖర్చునే రోగతీవ్రతకు కొలతగా తీసికొన్నది. నల్లజాతివారికి వైద్యము అందుటయే తక్కువ, కాబట్టి ఖర్చును తక్కువ. అంతమాత్రమున వారికి జబ్బు తక్కువ అని యంత్రము తలచినది. ఆ కొలతను సరిదిద్దినచో అదనపు సాయము పొందువారిలో నల్లజాతివారు నూటికి 17.7 నుండి 46.5కు పెరుగుదురని పరిశోధకులు లెక్కకట్టినారు. సంఘములోని అన్యాయము చడీచప్పుడు లేక లెక్కలోనికి ప్రవేశించినదన్నమాట.

ఇందువలన యంత్రమును వలదనుట వివేకము కాదు. మధుమేహము వలన కంటి వెనుకపొరకు కలుగు హానిని ఫోటోలలో పసికట్టు విధానమును 2016లో గూగుల్ పరిశోధకులు ప్రకటించినారు. అది నేర్చుకొన్న 1,28,175 చిత్రములలో మదురై, చెన్నై, బెంగుళూరు నగరములలో పేరుగన్న కంటి ఆసుపత్రులవి కూడ ఉన్నవి. కంటివైద్యుడు దొరకని పల్లెలో ఇట్టి సాధనము చూపు పోకుండ కాపాడగలదు. మన దేశపు రోగుల చిత్రములు అందులో చేరుట మనకు మేలే. ఆ రోగుల గోప్యతను కాపాడుట కూడ అంతే ముఖ్యము.

కనుక మనము అడుగవలసినవి మూడు. ఈ యంత్రము ఎవరి రికార్డుల నుండి నేర్చినది? మనవంటి వారిపై దానిని పరీక్షించి చూచినారా? అది తప్పినచో జవాబు చెప్పు మనిషి ఎవరు? ఈ ప్రశ్నలు వేయుట వైద్యుని అవమానించుట కాదు. మంచి వైద్యుడు వానిని మనకంటె ముందే అడిగియుండును.